ఇంట్ల వాన పడుతదా?

నేను పిరికిదాన్ని. కంప్యూటర్ల మరమ్మతులో బతుకంతా గడిపిన మనిషి మొదటి మాటగా ఇది రాసుకుంటుందా అని మా ఆయన నవ్వాడు. నవ్వనీ. ఉన్నమాటకు సిగ్గెందుకు? ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలకు ఇవ్వడానికి నా దగ్గర ఏదైనా ఉంటే అది ఈ పిరికితనమే.

మాది ప్రొద్దుటూరు. డిప్లొమాలో ఎలక్ట్రానిక్స్ చదివి, పెళ్లయ్యాక హైదరాబాదుకు వచ్చాను. కొండాపూర్‌లో కిరాయి ఇల్లు. రెండు వీధుల అవతల మల్లేశన్న కంప్యూటర్ షాపు. సన్నని టంకం చుక్కలు కంటికి ఆననంత చూపు మందగించేదాకా అక్కడే పనిచేశాను. మా చుట్టూ అద్దాల మేడలు ఒక్కొక్కటే లేస్తూ వచ్చాయి. ఆ మేడల్లో పనిచేసేవాళ్లే మా గిరాకీ. వాళ్ల ఇళ్లలో కాలిన వాసన ఎక్కణ్నుంచి వస్తోందో వెతికిపెట్టడం మా కొలువు.

ప్రమోషన్లు మాకు లేవు కాబట్టి వాటి గురించి రాయను. ఎందుకు భయపడాలో, ఎక్కడ భయపడాలో మాత్రం రాస్తాను.

భయం ఎక్కడ పెట్టుకోవాలి

కంప్యూటర్ పెట్టెలో రెండు రకాల కరెంటు ఉంటుంది. ఒకటి బోర్డు మీద తిరిగేది. దాన్ని వేలితో ముట్టుకున్నా చీమ కుట్టినంత కూడా ఉండదు. రెండోది గోడలోంచి వచ్చేది. అది మనిషిని తీసుకుపోతుంది. ఆ రెండోది తన హద్దు దాటి బయటికి రాకుండా చూడటమే మా పనిలో సగం. మిగతా సగం ఎవరైనా నేర్చుకోవచ్చు.

ప్లగ్గులో పైన లావుగా ఉండే మూడో పిన్ను చూసే ఉంటారు. దాన్ని ఎర్త్ అంటాం. లోపల ఎక్కడైనా కరెంటు తప్పి ఇనప రేకుకు తగిలితే, ఆ పిన్ను దాన్ని నేలలోకి దించేస్తుంది, ఫ్యూజు కొట్టేస్తుంది. ఆ పిన్ను లేకపోతే కరెంటు రేకు మీదే కాచుకుని కూర్చుంటుంది, ఎవరు ముట్టుకుంటారా అని. మన ఊళ్లలో ఆ పిన్నుకు ఉన్నంత అగౌరవం దేనికీ లేదు. బోర్డులో పట్టకపోతే కోసేస్తారు, వంచేస్తారు, లేదంటే రెండు వైర్లూ పీకి అగ్గిపుల్లలతో గుచ్చేస్తారు. చేసేవాడు ప్రతివాడూ తెలివైన పని చేశాననే అనుకుంటాడు.

భయపడే చెయ్యి తడబడుతుందంటారు. నా చెయ్యి తడబడలేదు. ఒకటికి రెండుసార్లు చూసుకుంది, అంతే. షాపులో నన్ను "రెండుసార్ల భారతక్క" అని ఏడిపించేవాళ్లు. ఆ పేరు నాకు ఇష్టంగానే ఉండేది.

మల్లేశన్న, ఆయన ఒంటి పెట్టె

మల్లేశన్న పుట్టింది పెరిగింది కొండాపూర్‌లోనే. ఇప్పుడు ఏసీ మేడలున్న చోట వాళ్ల నాయిన జొన్న వేసేవాడట. నేల ఎప్పుడో చేతులు మారింది. అందుకేనేమో, ఏదైనా వృథాగా పోతుంటే ఆయన ప్రాణం ఒప్పేది కాదు. వంగిన స్క్రూ కూడా సాపు చేసి డబ్బాలో వేసేవాడు. మంచి మనిషి. ఆకలిగా ఉన్నవాడికి తన టిఫిన్ పెట్టి తాను చాయ్‌తో సరిపెట్టుకునే రకం. కానీ పొదుపు ముందు ఆయనకు భయం కనిపించేది కాదు. మా గొడవలన్నీ అక్కడే.

తెలంగాణ ఉద్యమం జోరుగా నడుస్తున్న కాలం అది. ఇవాళ బందు, రేపు రాస్తారోకో. బళ్లు మూత, బస్సులు బందు. ఇంట్లో కూర్చుని పని చేసుకోవడానికి, పిల్లలు చదువుకోవడానికి ఓ కంప్యూటర్ కావాలని షాపుకొచ్చేవాళ్లు పెరిగారు. చేతిలో డబ్బు మాత్రం పెరగలేదు. కొత్త ఆల్-ఇన్-వన్, అంటే తెర వెనకే కంప్యూటరంతా ఇమిడిపోయి ఉండేది, వాళ్లు షోరూములో చూసి నిట్టూర్చి మా దగ్గరికి వచ్చేవాళ్లు.

"మనమే చేద్దాం చెల్లె" అన్నాడు మల్లేశన్న ఒకరోజు. "ఆఫీసులోళ్లు మానిటర్లు పారేస్తున్నరు, బోర్డులు పారేస్తున్నరు. దాని ఈపున ఇది కట్టేస్తే అయిపాయె."

చేశాం, ఒంటి పెట్టె అని పేరు పెట్టుకున్నాం. మానిటర్‌ను గోడకు తగిలించడానికి దాని వెనక నాలుగు స్క్రూ బొక్కలు ఉంటాయి. పాత కంప్యూటర్ డబ్బా పక్క రేకును కొలత ప్రకారం కోసి, అంచులు ఆకురాయితో నునుపు చేసి, ఆ నాలుగు బొక్కలకు బిగించేవాళ్లం. రేకు మీద పొట్టి ఇత్తడి కాళ్లు, వాటి మీద మదర్‌బోర్డు. పక్కన హార్డ్ డిస్కు. కింద పవర్ సప్లై. దాని ఇనప డబ్బా తీసేసి లోపలి బోర్డు ఒక్కటే పెడితే పల్చగా వస్తుందన్నాడు మల్లేశన్న. ఆ డబ్బా తీస్తే నేను రేపట్నుంచి పనికి రానన్నాను. తియ్యలేదు. దాంతో మా పెట్టె వీపు ఆరో నెల కడుపులా వెనక్కి పొడుచుకొచ్చింది. షాపంతా నవ్వింది. నవ్వినవాళ్లెవరూ చావలేదు కదా అని నేను ఊరుకున్నాను.

అన్నిటిమీదా ఒక మూత. వేడి పైకి పోతుంది కాబట్టి మూతకు పైన వరసగా బొక్కలు. మనుషులు వెనక్కి వంగి వెతుక్కోకుండా స్విచ్ కూడా పైనే, ఆ బొక్కల పక్కనే. ఈ స్విచ్ సంగతి మల్లేశన్న ఆలోచన. నాకు మొదట్నుంచీ నచ్చలేదు. గోడలోంచి వచ్చే కరెంటు నేరుగా ఆ స్విచ్ కాళ్లకే వస్తుంది. టేపు చుట్టాను, మీద రబ్బరు గొట్టం తొడిగాను. అయినా మనసు ఒప్పలేదు.

మాదాపూర్‌లో ఒక హాస్టల్ కుర్రాళ్లకు అమ్మిన పెట్టె చూడబోతే నా అనుమానం నిజమైంది. పైన బొక్కల్లోంచి వెచ్చటి గాలి వస్తోందని వాళ్లు దాని మీద తడి సాక్సులు ఆరేశారు. వాటిని లాగి పారేశాను. తిరిగొచ్చి మల్లేశన్నతో చెప్పాను, పైన రేకుతో ఒక చిన్న చూరు కడదామని. బొక్కలకు అడ్డంగా నాలుగు వేళ్ల వెడల్పున, గాలి పక్కలకు పోయేట్టు.

"చూరా?" ఆయన పకపకా నవ్వాడు. "ఇంట్ల వాన పడుతదా చెల్లె? సాక్సులు ఆరేసెటోనికి చెప్పుదెబ్బ వడాలె గాని మనం రేకు ఖరాబ్ చేసుకునుడెందుకు?"

ఆ మాట షాపులో సామెత అయిపోయింది. నేను ఏ జాగ్రత్త చెప్పినా ఎవరో ఒకరు "ఇంట్ల వాన పడుతదా?" అనేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని. కానీ ఆ పెట్టెలు ఏ ఇంటికి పోయినా నా గుండెలో ఒక బొక్క పడేది, అదీ పైనే.

నల్లగండ్ల నుంచి ఫోన్

ఆ రోజుల్లో నాకున్న భయాలు షాపులోనివే కావు. నా యాస సీమ యాస. నోరు తెరిస్తే ఊరు తెలిసిపోతుంది. షాపులో ఎవరూ ఒక్క మాట అనలేదు, నిజమే చెప్పాలి. కానీ రోడ్డు మీద నినాదాలు వినబడితే షట్టర్ చాటుకు జరిగేదాన్ని. ఒక గిరాకీ నా మాట విని, "మల్లేశన్న లేడా? ఆయన వచ్చినంక వస్త" అని వెనక్కి పోయాడు. మా ఆయన ప్రతి ఉదయం ఒకటే చెప్పేవాడు: "రోడ్డు మీద నోరు తెరవాకు."

దసరా పోయిన కొద్ది రోజులకు ఇంకో బందు. మల్లేశన్న పాత బొంబాయి రోడ్డు చౌరస్తాలో ధర్నాకు వెళ్లాడు. నేను షట్టర్ సగం దించి లోపల ఒక బోర్డు చూసుకుంటున్నాను. మధ్యాహ్నం దాటాక ఫోన్ మోగింది.

"అక్కా, నేను నల్లగండ్ల లావణ్యను."

లావణ్య మా దగ్గర ఒంటి పెట్టె కొన్న అమ్మాయి. నల్లగండ్ల పాత ఊరిలో ఇల్లు. డాక్టర్లు రోగుల గురించి రికార్డు చేసి పంపే మాటలు విని టైపు చేసి పంపడం ఆమె పని. భర్త ఐటీ ఆఫీసుల వాళ్లకు క్యాబ్ నడుపుతాడు, బందులతో బేరాల్లేక ఏదో దూరం కిరాయికి పోయి ఉన్నాడు. ఇంట్లో అత్త, ఈమె. ఈమెకు ఏడో నెల.

"దసరా పూజ జేసినప్పటిసంది ముట్టుకుంటే జివ్వుమంటున్నదక్కా. ఇయ్యాల ఇంకా గట్టిగ కొట్టింది. చెయ్యి ఇసిరేసినట్టయింది."

"ప్లగ్గు పీకినావా?"

"లే. అప్పుడే కరెంట్ వొయింది. నాలుగింటికి ఇస్తరట. వచ్చినంక మల్ల చూస్త. పొద్దుగూకేలోపట డాక్టర్ సాబ్‌కు పంపాలె."

"మూడు పిన్నుల ప్లగ్గు పెట్టిచ్చినా కదమ్మా నేను?"

"అది మా బోర్డుల పట్టలేదక్కా. మా ఆయన ఆ లావు పిన్ను కోసేసిండు. ఇప్పుడు మంచిగ పట్టింది."

ఎర్త్ లేదు. ఉత్త జివ్వు వరకైతే అది హెచ్చరిక. చెయ్యి విసిరికొట్టిందంటే గోడ కరెంటు రేకు దాకా వచ్చేసిందన్నమాట. అలవాటు ప్రకారం అడిగాను, కాళ్లకు చెప్పులున్నాయా అని.

లావణ్య నవ్వింది. "చెప్పులెక్కడియక్కా? కాళ్లు గుమ్మడికాయల లెక్క వాచినయ్. మా అత్త ఇప్పుడే ఉడుకు నీళ్లల్ల ఉప్పేసి ఇనుప టబ్బు వెట్టింది. అండ్లనే కాళ్లు వెట్టుకొని కూసున్న, కరెంటొస్తే గిట్లనే టైపు కొడుత. జర హాయిగున్నది."

"లావణ్యా, ముందు కాళ్లు తియ్యి. విను, ప్లగ్గు..."

అవతల ఏమీ లేదు. మళ్లీ చేస్తే స్విచ్ ఆఫ్. తను ఫోన్ ఛార్జింగ్ పెట్టుకునేది ఆ కంప్యూటర్‌కే. కరెంటు పోయింది, ఛార్జింగూ పోయింది. వాళ్లాయన నంబరు నా దగ్గర లేదు. ఆ ఊళ్లో నాకు తెలిసిన మనిషి మరొకరు లేరు.

ఉప్పు నీళ్లలో కాళ్లు, రేకు మీద చేతులు, కడుపులో బిడ్డ. ఇంతకంటే చెడ్డ కూడిక నా సర్వీసులో నేను చూడలేదు. నాలుగింటిదాకా ఆమెకు ఏమీ కాదు. నాలుగింటికి కరెంటొస్తుంది. ఊరంతా ఆ కరెంటు కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. అది రాకూడదని దేవుణ్ని మొక్కుకుంటున్నది నేనొక్కదాన్నే.

చౌరస్తా

షట్టర్ దించి రోడ్డున పడ్డాను. ఆటో లేదు, బస్సు లేదు. కాలిన టైర్ల వాసన. మూసిన షాపుల ముందు పోలీసులు కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. ఎవరైనా ఎందుకు పరుగెత్తుతున్నావని అడిగితే ఏం చెప్పాలో తెలియక, పరుగులాంటి నడక నడిచాను. ఒక్కటే ఆశ, మల్లేశన్న బండి.

చౌరస్తాలో రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి అన్నం వండుతున్నారు. డప్పులు, పాటలు, గులాబీ కండువాలు. అంతమంది మగవాళ్లలో మల్లేశన్న కనబడలేదు. గుంపు అంచున నిలబడి ఎంతసేపు వెతికినా కనబడలేదు. ఇక నోరు తెరవక తప్పదు. ఆ క్షణం నాకు కలిగిన భయం ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది, కానీ కలిగింది.

"అన్నా, మల్లేశన్న యాడుండాడు?"

దగ్గరున్నవాళ్లు తలలు తిప్పారు. గరిటె పట్టుకున్న ఒక పెద్దమనిషి నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"ఏ ఊరమ్మా నీది?"

అబద్ధం చెప్పడానికి కూడా నాకు యాస లేదు. "ప్రొద్దుటూరు" అన్నాను.

"ఆడిసంది నడిచొచ్చినవా ఏంది, గిట్ల చెమటలు వట్టినయ్?" అన్నాడు. చుట్టూ నవ్వారు. ఆయన ఒక నీళ్ల ప్యాకెట్ నా చేతిలో పెట్టి, గుంపులోకి తిరిగి కేక వేశాడు. "ఓ మల్లేశా! మీ చెల్లె వచ్చింది, జర ఉరుకు!"

మల్లేశన్నకు చెప్పాను. లావణ్య, టబ్బు, కోసిన పిన్ను, దసరా పూజ, నాలుగింటికి వచ్చే కరెంటు. "పైకెంచి ఏమన్న వడ్డదంటవా?" అని మెల్లగా అడిగాడు. తెలియదన్నాను. ఆయన గడియారం చూసుకున్నాడు. నల్లగండ్ల దారిలో రాళ్లు అడ్డం పెట్టి ఉన్నాయి. బండి మీద పోయినా నాలుగు దాటుతుంది.

"యాదన్నా!" అని పిలిచాడు.

యాదగిరి కరెంటు లైన్‌మన్. నల్లగండ్ల వైపు స్తంభాలన్నీ ఆయన చూసేవే. ఆయనా ఉద్యోగుల సమ్మెలో ఉన్నాడు, ధర్నాలోనే కూర్చున్నాడు. ఇక్కడ లైన్‌మన్ల పద్ధతి ఒకటి చెప్పాలి. స్తంభం ఎక్కే ముందు లైన్‌మన్ సబ్‌స్టేషన్ నుంచి లైన్ క్లియర్ తీసుకుంటాడు. అంటే ఆ లైన్ మీద నేనున్నాను, కరెంటు ఇవ్వొద్దని తన పేరు మీద చెప్పడం. తీసుకున్న మనిషే తిరిగి ఇవ్వాలి. మంత్రి చెప్పినా, ఊరంతా అరిచినా, వేరే ఎవరి మాట మీదా ఆపరేటర్ కరెంటు వదలకూడదు. నేను విన్న వృత్తి ధర్మాలన్నిట్లో ఇంతకంటే గొప్పది లేదు.

యాదన్న నన్ను చూశాడు. "కండ్లతోటి చూసినవా?"

"లేదన్నా. ఫోన్లో ఇన్నా."

"ఏం లేకపోతే?"

"ఏమీ లేకపోతే నన్ను తిట్టు. ఉంటే మాత్రం ఆ పిల్ల ఉండదు" అన్నాను. ఏడుపు ఆగలేదు.

పక్కనున్న కుర్రవాడొకడు అందుకున్నాడు. "సమ్మెల ఉండి డ్యూటీ జేస్తవా యాదన్నా?"

"కరెంట్ ఇచ్చుడు డ్యూటీరా. ఆపుడు సమ్మెనే గద" అంటూ యాదన్న అప్పటికే నంబరు నొక్కుతున్నాడు. తన పేరు చెప్పాడు, లైన్ పేరు చెప్పాడు, నేను మళ్ల చెప్పేదాక వదలొద్దన్నాడు. ఫోన్ పెట్టి నావైపు వేలు చూపించాడు. "నేను ఎనుక బండి మీద వస్తున్న. నువ్వు నా ముందల నిలవడి చెప్తేనే ఇస్త. ఫోన్ల చెప్తే ఇయ్య."

బల్బు

మల్లేశన్న బండి మీద ఊళ్లోకి వచ్చేసరికి నాలుగు దాటింది. అరుగుల మీద ఆడవాళ్లు కరెంటాఫీసును తిడుతున్నారు. ఆ తిట్లు నాకు చల్లగా వినిపించాయి. కరెంటు ఇంకా రాలేదు!

లావణ్య ఇంటి తలుపు తీసే ఉంది. టబ్బులోనే కాళ్లు. ఒక చేత్తో మానిటర్ వీపు పట్టుకుని, రెండో చేత్తో తడిగుడ్డతో తుడుస్తోంది. "దుమ్ముకు జివ్వుమంటుందేమో అని తుడుస్తున్నక్కా" అంది, నన్ను చూసి లేవబోతూ. నేను అరిచానట, నాకు గుర్తులేదు. కాళ్లు టబ్బులోంచి తీయించాను. తర్వాత ప్లగ్గు పీకాను.

ఆ తర్వాత పెట్టె చూశాను. మొహానికి పసుపు, మధ్యన కుంకుమ బొట్టు, పైన వాడిన బంతిపూలు. ఆ పూల వెనక ఒక నిమ్మకాయ, ఐదారు పచ్చిమిరపకాయలు. షాపుల ముందు కట్టే దిష్టి దండ. దారంతో కాదు, ఇనప తీగతో గుచ్చినది. తీగ కొనను కొక్కెంలా వంచి మూత బొక్కలోంచి లోపలికి దోపారు. ఆ కొన రబ్బరు గొట్టం పక్కనుంచి దూరి, టేపును చీల్చుకుని, స్విచ్ కాలు మీద ఆనింది. తీగ నడుము రేకు మీద ఉంది.

"నేనే కట్టిన" అంది లావణ్య అత్త సత్తెమ్మ. "కడుపుతోటున్న పిల్ల. ఇంట్ల కూసోని సంపాయిస్తున్నది. ఊరి కండ్లన్నీ దీని మీదనే ఉన్నయ్ బిడ్డా. దిష్టి తగులుతదని కట్టిన."

ఇంతలో యాదన్న వచ్చాడు. తీగ చూశాడు, కోసిన పిన్ను చూశాడు, టబ్బు చూశాడు. తన సంచిలోంచి ఒక బల్బు తీశాడు. హోల్డర్‌కు రెండు పొడుగాటి వైర్లున్న బల్బు. తీగను కదపకుండా ప్లగ్గు మళ్లీ పెట్టి, ఒక వైరు కంప్యూటర్ వెనక రేకుకు, రెండోది వాకిట్లో నేలలోకి దిగిన బోరు పైపుకు కట్టాడు.

"సమ్మె ఇడిచి వచ్చిన. ఎందుకొచ్చిన్నో అందరు చూడాలె" అన్నాడు. అందర్నీ వాకిట్లోకి పంపాడు. పేరుపేరునా పిలిచి లెక్క చూసుకున్నాడు. లావణ్య, సత్తెమ్మ, మల్లేశన్న, నేను, గోడవతల తొంగిచూస్తున్న పక్కింటివాళ్లు. అప్పుడు నా ముందు నిలబడ్డాడు.

"చెప్పమ్మా. ఇయ్యమందునా?"

లావణ్య నా పక్కనే, నా చెయ్యి పట్టుకునే ఉంది. అందరూ బయటే ఉన్నారని నా కళ్లకు కనబడుతోంది. అయినా మళ్లీ ఒకసారి అందర్నీ చూసుకున్నాను. "ఇయ్యన్నా" అన్నాను.

ఆయన ఫోన్లో తన పేరు చెప్పి లైన్ క్లియర్ తిరిగి ఇచ్చాడు. కాసేపటికి ఊరు ఊరంతా "కరెంటొచ్చింది!" అని పిల్లల కేకలు. యాదన్న చేతిలో బల్బు భగ్గున వెలిగింది. ఇంట్లో దీపం ఎంత నిండుగా వెలుగుతుందో అంత నిండుగా.

సత్తెమ్మ ఆ బల్బును చూసింది, కోడలి వాచిన కాళ్లను చూసింది, కొంగు నోట్లో కుక్కుకుని గడప మీద కూలబడింది. బల్బు ఉన్న చోట ఉండాల్సింది ఎవరో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

తర్వాత

కొత్తగా వచ్చే పిల్లలకు నేను చెప్పే పాఠం ఈ ఇంట్లోదే. ఆ రోజు ఆ పిల్ల ప్రాణం మీదికి తెచ్చినవాళ్లలో చెడ్డవాళ్లు ఎవరున్నారు? పెళ్లాం పనికి అడ్డం రాకూడదని మొగుడు పిన్ను కోశాడు. కాళ్ల నొప్పి తగ్గాలని అత్త నీళ్లు పెట్టింది. దిష్టి తగలకూడదని తీగ కట్టింది. పేదవాళ్లకు నాలుగు రూపాయలు తగ్గించాలని మల్లేశన్న చూరు మానేశాడు. అందరిదీ ప్రేమే. ప్రేమకు కరెంటు సంగతి తెలియదు, మీకు తెలియాలి. అందుకే ఎవరింటికి వెళ్లినా కంప్యూటర్ తర్వాత చూడండి. ముందు దాని ముందు కూర్చునే మనిషి కాళ్లు ఎక్కడున్నాయో చూడండి.

ఆ సాయంత్రం తిరిగొస్తూ చౌరస్తా దగ్గర మల్లేశన్న బండి నెమ్మది చేశాడు. బండి ఆపి, వెనక్కి తిరగకుండానే అన్నాడు. "ఇంట్ల వాన పడుతదా అన్న గద చెల్లె. నిమ్మకాయ వడ్డది."

మర్నాడూ బందే. షాపు మూసే ఉంది. లోపల ఆయన రేకులు కోస్తున్నాడు, నేను అంచులు నునుపు చేస్తున్నాను. మేం అమ్మిన ప్రతి ఒంటి పెట్టెకూ చూరు కట్టాం, స్విచ్ పక్కకు మార్చాం, పిన్ను కోసిన చోట కొత్త ప్లగ్గు వేసి, గోడ బోర్డూ మార్చి, ఎర్త్ లేని ఇళ్లలో ఎర్త్ వేయించి వచ్చాం. బండి పోని చోటికి నడిచి పోయాం. మాదాపూర్ నుంచి తెల్లాపూర్ దాకా, ఉద్యమం నడిచిన ఆ రోడ్ల మీదే, ఆయన గులాబీ కండువాతో, నేను నా యాసతో. దారిలో ఎవరైనా ఆపితే, "మా చెల్లె, మెకానిక్" అనేవాడు. నాకు ఆ రోడ్ల మీద నోరు తెరవడానికి భయం పోయింది. మిగతా భయం అలాగే ఉంచుకున్నాను.

ఇప్పుడు పని మానేశాను. అయినా ఎప్పుడైనా కరెంటు పోయి వస్తే, అపార్టుమెంటులో పిల్లలంతా హే అని అరుస్తారు, మా ఆయన హమ్మయ్య అని ఫ్యాను కిందికి జరుగుతాడు. నేను లేచి గది గదికీ వెళ్తాను. ఇంట్లో ఎవరెవరున్నారో పేరుపేరునా చూసుకుని, వాళ్ల కాళ్లు ఎక్కడున్నాయో చూసుకుని వచ్చి కూర్చుంటాను. మా ఆయన నవ్వుతాడు.

నవ్వనీ.